చేతుల పని నోరు చేసింది

టైరనోసారస్ రెక్స్ బొమ్మను చూసి భయపడినవాళ్లు కూడా దాని చేతుల దగ్గరికి వచ్చేసరికి నవ్వేస్తారు. 12 మీటర్ల పొడవు, 8 టన్నులకు పైబడిన బరువు ఉన్న జంతువుకు మీటరు దాటని చేతులు, వాటికి రెండేసి వేళ్లు. ఆ చేతులు దాని నోటిని కూడా అందుకోలేవు. ఇంత పెద్ద వేటగాడికి ప్రకృతి ఇలాంటి అవిటి చేతులు ఎందుకిచ్చిందని అడగడం సహజం. అయితే భారీ మాంసాహార డైనోసార్ల శిలాజాలను పక్కపక్కన పెట్టి చూస్తే అవిటితనం అన్న మాట నిలబడదు. వాటిలో కొన్ని వంశాల్లో వేట పని క్రమంగా చేతుల నుంచి నోటికి మారిపోయింది. పని పోయిన చేతులు చిక్కిపోయాయి. చేతుల్ని అర్థం చేసుకోవాలంటే ముందు తలను చూడాలి.

టి.రెక్స్ పుర్రె దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవుంటుంది. వెనక భాగం బాగా వెడల్పు. దవడ కండరాలు పట్టేందుకే ఆ చోటంతా. నోట్లో 60 దాకా పళ్లు. వాటిలో పెద్దవి వేరుతో కలిపి 30 సెంటీమీటర్ల వరకు ఉంటాయి. చాలా మాంసాహార డైనోసార్ల పళ్లు పలచగా, మాంసం కోయడానికి వీలుగా ఉంటే, దీని పళ్లు దుడ్డుగా, ఎముకను కొరికినా విరగనంత మందంగా ఉంటాయి. 2017లో వెలువడిన ఒక అధ్యయనం దీని కాటు బలాన్ని గరిష్ఠంగా 35 వేల న్యూటన్ల దగ్గర అంచనా వేసింది. అంటే సుమారు మూడున్నర టన్నుల బరువు. నేటి ఉప్పునీటి మొసలి కాటును కొలిస్తే వచ్చింది 16 వేల న్యూటన్లు. లెక్కల మీద నమ్మకం లేనివారికి మరో సాక్ష్యం ఉంది. కెనడాలోని సస్కాచెవాన్‌లో దొరికిన టి.రెక్స్ మలం శిలాజాన్ని 1998లో శాస్త్రవేత్త కరెన్ చిన్ బృందం వివరించింది. 44 సెంటీమీటర్ల పొడవున్న ఆ ముద్దలో ఒక లేత వయసు శాకాహార డైనోసార్ ఎముకల ముక్కలు కుక్కినట్టుగా ఉన్నాయి. ఆ నోరు మాంసంతో పాటు ఎముకనూ పిండి చేసి మింగేసిందన్నమాట.

ఇంత బరువైన తలను మోయడం రెండు కాళ్ల మీద నడిచే జంతువుకు తేలిక కాదు. దాని శరీరం తుంటి మీద నిలిచిన కావడి లాంటిది: ముందు తల, ఛాతీ, వెనక పొడవాటి తోక. ముందువైపు తల బరువు పెరిగినప్పుడు అటువైపు మరేదైనా తగ్గితే మేలే. పనిలేని చేతులు తగ్గడం వల్ల వచ్చే నష్టం లేదు. ఈ మార్పు ఎలా జరిగిందో టైరనోసార్ల వంశచరిత్రలోనే కనబడుతుంది. చైనాలో దొరికిన గ్వాన్‌లాంగ్ ఈ వంశపు తొలితరం జంతువు. సుమారు 16 కోట్ల ఏళ్ల కిందటిది, పొడవు మూడు మీటర్లే. దాని చేతులు పొడుగ్గా, మూడేసి వేళ్లతో పట్టుకోవడానికి వీలుగా ఉన్నాయి. తర్వాత కోట్ల ఏళ్లలో ఒళ్లు, తల పెరిగాయి. చేతులు కురచబడి ఒక వేలు పోయింది.

ఒక్క వంశంలో జరిగిందాన్ని కాకతాళీయం అని కొట్టిపారేయవచ్చు. కానీ ఇదే కథ వేరే వంశాల్లోనూ జరిగింది. ఉత్తర అమెరికాలో 15 కోట్ల ఏళ్ల కిందట తిరిగిన అల్లోసారస్‌కు బలమైన చేతులు, పెద్ద గోళ్లు ఉండేవి. దాని తల ఓ మోస్తరు. దాని బంధువర్గంలో తర్వాత పుట్టిన భారీ జంతువు మెరాక్సెస్. అర్జెంటీనాలో దొరికిన దీనికి 2022లో పేరు పెట్టారు. పొడవు 11 మీటర్లు, పుర్రె మీటరుకు పైనే, చేతులు మాత్రం 60 సెంటీమీటర్ల దగ్గరే. టి.రెక్స్‌కు ఇది తాత కాదు, దగ్గరి చుట్టమూ కాదు; టి.రెక్స్ పుట్టకముందే ఇది అంతరించిపోయింది. మూడో వంశం అబెలిసార్లది. అర్జెంటీనా కార్నోటారస్‌లో మోచేతి కింది భాగం దాదాపు లేనట్టే. మన గుజరాత్‌లోని రాహియోలీ దగ్గర శిలాజాలు దొరికిన రాజాసారస్, 2003లో పేరు పొందినది, ఈ వంశానిదే. మూడు వేర్వేరు వంశాలు విడివిడిగా ఒకే దారి పట్టాయంటే దాని వెనక ఏదో ఒక కారణం ఉండాలి.

ఈ వాదాన్ని తిరగేసి కూడా పరీక్షించవచ్చు. నోరు అంత బలంగా లేని భారీ మాంసాహారుల చేతులు ఎలా ఉండాలి? పెద్దవిగానే ఉండాలి. 1983లో ఇంగ్లండ్‌లోని సర్రేలో ఒక మట్టి గనిలో విలియం వాకర్ అనే ఔత్సాహికుడికి పెద్ద గోరు దొరికింది. వంపు వెంబడి కొలిస్తే 31 సెంటీమీటర్లు. అలా బయటపడిందే బారియోనిక్స్. సన్నగా సాగిన దవడ, శంకువుల్లాంటి పళ్లు, దిట్టమైన చేతులు. దాని పక్కటెముకల మధ్య చేపల పొలుసులు, ఇగ్వానోడాన్ అనే శాకాహార డైనోసార్ పిల్ల ఎముకలు కనిపించాయి. ఈ కుటుంబానిదే స్పైనోసారస్, పొడవులో టి.రెక్స్‌ను మించింది, అయినా ఎముకలు నలిపే దవడ దానికి లేదు. నోరు సన్నబడిన చోట చేయి బలంగా మిగిలింది.

చేతులు చాలని జంతువు వేటాడలేదనీ, టి.రెక్స్ చచ్చిన జంతువుల్ని తిని బతికి ఉంటుందనీ 1990లలో శిలాజ శాస్త్రవేత్త జాక్ హార్నర్ వాదించారు. దీనికి జవాబు అమెరికాలోని సౌత్ డకోటాలో దొరికిన రెండు తోక వెన్నుపూసల్లో ఉంది. అవి బాతుమూతి డైనోసార్‌వి. వాటి మధ్య విరిగిన టి.రెక్స్ పన్ను ఇరుక్కుని ఉంది. దాని చుట్టూ కొత్త ఎముక పెరిగి రెండు పూసలూ అతుక్కుపోయాయి. చచ్చిన జంతువుకు గాయం మానదు. కాటు పడ్డాక ఆ జంతువు తప్పించుకుని చాలాకాలం బతికింది, కాబట్టి బతికున్నదాన్నే టి.రెక్స్ కరిచింది. చచ్చినదాన్నీ అది వదిలి ఉండదు, నేటి సింహాలూ వదలవు. ఇక చేతుల్లేకుండా ఎరను పట్టగలదా అంటే, తోడేలూ మొసలీ రోజూ నోటితోనే పడుతున్నాయి.

మరో అభ్యంతరం ఇంకాస్త బరువైనది. టి.రెక్స్ చేయి కురచే కానీ బలహీనమైనది కాదు. ఎముక మందంగా ఉంది, పెద్ద కండరాలు పట్టిన గుర్తులున్నాయి. అలాంటప్పుడు దాన్ని పనిలేని చేయి అనడం ఎలా? నిజమే, ఏ పనీ లేదని చెప్పడం అతి. జతకట్టేటప్పుడో, నేల మీంచి లేచేటప్పుడో ఉపయోగపడి ఉండొచ్చని కొందరు అంటారు. శిలాజ శాస్త్రవేత్త కెవిన్ పాడియన్ 2022లో వేరే ఆలోచన ముందుంచారు: నాలుగైదు జంతువులు ఒకే కళేబరం మీద ఎగబడి తినేటప్పుడు పక్కదాని కోరలకు చిక్కకుండా చేతులు కురచబడ్డాయని. ఈ ఆలోచనలు ఒకదానితో ఒకటి పోటీపడొచ్చు గానీ, ప్రధాన వాదాన్ని దెబ్బతీయవు. చేయి ఏ చిన్న పనికి మిగిలినా, ఎరను చంపే పని దానిది కాకపోతేనే అంతగా కురచబడగలదు.

కాబట్టి ఏ డైనోసార్ పెద్దది, ఏది ఎక్కువ భయంకరమైనది అనే పోటీ మనకు చెప్పేది తక్కువ. ఒక అవయవం ఎందుకు చిన్నదో తెలియాలంటే దాని పని ఏ అవయవం తీసుకుందో చూడాలి. ఈసారి సినిమాలోనో మ్యూజియంలోనో టి.రెక్స్ కనబడితే దాని చేతిని విడిగా చూడకండి. దవడను, చేతిని కలిపి చూడండి. ఆ జంతువు ఎలా బతికిందో ఆ రెండింటి మధ్య తేడాలోనే ఉంది.