మెట్ట నాటుకోడి: గిరాకీ ఉంది, సరుకే లేదు

పండుగ ముందు ఎక్కిన బ్రాయిలర్ ధర పండుగ దాటాక దిగుతుంది. నాటుకోడి ధర అంత తేలికగా దిగదు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో ఈ తేడాకు కారణం బజారులో కంటే పల్లెలోని కోళ్ల గంప కిందే ఎక్కువగా ఉంది.

మొదటి కారణం కాలం. బ్రాయిలర్ పిల్ల ఆరు వారాల్లో రెండు కిలోలకు వస్తుంది. ఆరుబయట తిరిగే నాటు పుంజు కిలోన్నర తూగడానికి 5, 6 నెలలు పడుతుంది. నాటు పెట్ట ఏడాదికి పెట్టేది 50, 60 గుడ్లే. 12 గుడ్లు పొదగవేస్తే 21 రోజులకు తొమ్మిదో పదో పిల్లలు దిగుతాయి. గద్ద, ముంగిస, పిల్లి తినగా సగం మిగిలాయనుకుంటే, ఒక పొదుగుకు అమ్మకానికి వచ్చేవి నాలుగైదు కోళ్లే. సంక్రాంతికి అమ్మవలసిన పుంజు ఆషాఢ, శ్రావణాల్లోనే గుడ్డు పగిలి బయటపడాలి. గిరాకీ చూశాక పొదగవేస్తే పండుగకు అందదు.

రెండవది మేత. బ్రాయిలర్ ధర మొక్కజొన్న, సోయా చెక్క ధరలను అనుసరిస్తుంది. నాటుకోడికి కళ్లంలో రాలిన సజ్జలు, జొన్నలు, చెదలు, పురుగులు, ఇంటి నూకలే ఆధారం. అయితే ఈ ఉచిత మేతకు హద్దుంది. ఒక ఇంటి చుట్టూ దొరికేది 10 నుంచి 20 కోళ్లకు మించి చాలదు. ఈ మెట్టకు ముఖ్యమైన వానలు అక్టోబరు, డిసెంబరు మధ్యవి. ఎండాకాలంలో నేల బోడిగా ఉండి ఆ కొద్ది మేత కూడా తగ్గుతుంది. లాభం కనిపించిందని నిమ్మతోటకు వల కట్టి 200 కోళ్లు వదిలితే, వాటికి దాణా కొనక తప్పదు. ఐదు నెలల దాణా తిన్న కోడి, ఆరు వారాల బ్రాయిలర్ కంటే తేలికగానే ఉంటుంది. ఎక్కువ ధర వచ్చినా అందులో పెద్ద భాగం దాణాకే పోతుంది.

హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా రకం పెరటిలో నాటుకోడి కంటే త్వరగా బరువెక్కుతుంది, రెట్టింపుకు దగ్గరగా గుడ్లు పెడుతుంది. కాని పెట్ట పొదగదు. ప్రతిసారీ పిల్లలను కొనాలి, మొదటి ఐదారు వారాలు వెచ్చగా ఉంచి దాణా పెట్టాలి.

తెగులు దెబ్బ

అన్నిటికంటే పెద్ద నష్టం కొక్కెర తెగులు. అది సోకిన ఊళ్లో వారం తిరిగేలోగా గంపలు ఖాళీ కావచ్చు. పిల్లలకు మొదటి వారంలో కంట్లో చుక్క, ఎనిమిదో వారంలో సూదిమందు వేయిస్తే చాలావరకు ఆపవచ్చు. చిక్కు ఎక్కడంటే, మందు బుడ్డి వంద కోళ్లకూ అంతకు మించీ సరిపోయేది; ఇంట్లో ఉన్నవి పదిహేను. పైగా దాన్ని మంచులో తేవాలి, కలిపిన కొద్ది గంటల్లో వాడాలి. అందువల్ల ఇల్లు ఇల్లు విడిగా కాక ఊరంతా ఒకే రోజు వేయించుకుంటేనే గిట్టుతుంది.

తెగులు వార్త రాగానే ఉన్నవాటిని అయినకాడికి అమ్ముతారు. ఆ వారం ధర పడిపోతుంది, తర్వాత నెలల తరబడి సరుకు ఉండదు. 2024 ఫిబ్రవరిలో ఇదే జిల్లాలో పొదలకూరు మండలం చాటగొట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బల్లో బర్డ్ ఫ్లూ బయటపడి, ఆ చుట్టుపక్కల కోళ్ల అమ్మకాలు నిలిపివేశారు. అమ్మకం ఆగిన రోజున పెరటి కోడీ, ఫారం కోడీ ఒకటే.

బేరం ఎవరిది?

గుడ్డుకు నెక్ సంస్థ రోజూ ధర ప్రకటిస్తుంది. నాటుకోడికి అలా ధర చెప్పేవారు లేరు. మారుబేరగాడు ఇంటి ముందుకొచ్చి కోడిని చేత్తో ఎత్తి చూసి ధర కడతాడు. పట్నంలో అదే కోడి కిలోల లెక్కన అమ్ముడుపోతుంది. బడి ఫీజుకో మందులకో డబ్బు కావలసిన రోజునే ఇల్లాలు కోడిని పట్టి ఇస్తుంది గనుక బేరమాడే బలం తక్కువ. కార్తీకంలో మాంసం మానేవారు ఎక్కువ. ఆ నెల అమ్మితే నష్టమే.

రంగు ఈకల సంకరజాతి కోళ్లు నాటు పేరుతో బజారుకు వస్తున్నకొద్దీ అసలు సరుకుకు పోటీ పెరుగుతుంది. పెంచేవారి చేతిలో ఉన్నవి రెండే: అదనుకు టీకా, ఇంట్లో ఒక చిన్న కాటా. మొదటిది కోడిని నిలుపుతుంది, రెండవది దాని ధరను.