బోర్డు మీద ఎర్ర చీటీ

ఎపిసోడ్‌లో చెప్పిన బోర్డు గురించి అన్నలు, తమ్ముళ్లు మళ్లీ అడిగారు. ఎజైల్ టీములు వాడే కాన్‌బాన్ బోర్డుకి మూలం టయోటా. బిల్డింగ్ పనుల్లో దానికి దగ్గరిది లాస్ట్ ప్లానర్. 1990ల్లో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ తయారుచేశారు. తేదీ చెప్పాల్సింది పని చేసేవాడే.

స్కార్‌బరోలో మా సైట్‌లో ఫ్లోర్‌కో బోర్డు. అడ్డుంటే ఎర్ర చీటీ. ఆఫీసులోని పెద్ద బోర్డు మీదకి ఆ ఎర్రవే వెళ్తాయి, అన్నీ పెడితే ఎవడూ చూడడు.

పోయినేడాది మన కుర్రాడొకడు స్లీవ్‌లు పెట్టడం పూర్తికాకపోయినా మొహమాటపడి "యస్ సర్" అన్నాడు. కాంక్రీట్ పోసేశాం. తర్వాత స్లాబ్‌కి రంధ్రాలు కొట్టించాల్సొచ్చింది. తప్పు నాదే, "అయిపోయింది కదా?" అనడిగితే కాలేదని ఎవడంటాడు? ఇప్పుడు "ఏం అడ్డొస్తోంది?" అంటా. తర్వాతి టీమ్ చూసి ఒప్పుకుంటేనే చీటీ 'అయింది'లోకి జరుగుతుంది.

మొన్న పోత ముందురోజు అదే కుర్రాడు రెండు ఎర్ర చీటీలు అంటించాడు. పంపు క్యాన్సిల్ చేశాం.