రాయలసీమ ముఠాకక్షలు, నేరాల రేటు

రాయలసీమ ముఠాకక్షలు లేదా ఫ్యాక్షనిజం అనగా కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల గ్రామాలలో రెండు వర్గాల మధ్య తరతరాలుగా సాగిన సాయుధ వైరం. చిత్తూరు జిల్లాలో దీని ప్రభావం తక్కువ. ఈ ప్రాంతంలో నేరాల తీవ్రత గురించి జరిగే చర్చ అంతా ముఠాకక్షల చుట్టూనే తిరుగుతుంది. అయితే ప్రభుత్వ గణాంకాలలో "ముఠాకక్ష" అనే నేరమేదీ లేదు. హత్య, హత్యాయత్నం, దొమ్మీ, గృహదహనం, ప్రేలుడు పదార్థాల కేసు అనే వేర్వేరు పద్దుల క్రింద అది చెదిరిపోయి ఉంటుంది.

చారిత్రక నేపథ్యం

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. అప్పుడు ఇక్కడ సుమారు 80 మంది పాళెగాళ్ళు ఉండేవారు. వారికి సొంత కోటలు, సొంత బలగాలు, ఊళ్ళ నుండి కావలి రుసుము వసూలు చేసుకునే హక్కు ఉండేవి. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు పనిచేసి, సైన్యం సహాయంతో వారిని అణచి, రైత్వారీ పద్ధతిని నెలకొల్పాడు. పాళెగాళ్ళ వంశీకులకు భరణాలు మిగిలాయి. అటువంటి భరణం విషయంలో మొదలైన తగాదాయే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు తక్షణ కారణమయింది. ఆయనను 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు.

ముఠానాయకులు పాళెగాళ్ళ వారసులేనని తరచుగా చెబుతారు. ఈ వాదనతో అంతా తేలిపోదు. పాళెగాళ్ళు చిత్తూరు సీమలోనూ, తమిళనాడులోని తిరునెల్వేలిలోనూ ఉండిరి. అక్కడ కక్షలు ఈ రూపం దాల్చలేదు. ఆధునిక కాలపు కారణాలను వేరుగా చూడవలసి ఉంటుంది.

కారణాలు

ఏడాదికి 550 నుండి 700 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే నేల ఇది. సేద్యంతో మిగులు తక్కువ. కర్నూలు - కడప కాలువ పారే నంద్యాల, ప్రొద్దుటూరు ప్రాంతాలను మినహాయిస్తే, ఊరిలో డబ్బు కళ్ళజూసే మార్గాలు గుత్తలు మాత్రమే: సారాయి పాట, రోడ్డు పని, చెరువు మరమ్మత్తు, నాపరాయి గనులు, మంగంపేట ముగ్గురాయి. ఇవన్నీ అధికారంతో ముడిపడినవే. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చిన తరువాత సర్పంచి, సమితి అధ్యక్ష పదవులకు విలువ పెరిగింది. ఊరిలోని పెద్దకు పై నాయకుని అండ కావలసి వచ్చింది, పై నాయకునికి ఊరి ఓట్లు కావలసి వచ్చినవి. ఓటును బెదిరించి వేయించుకొనే మనుషులను పోషించడం అలా అలవాటయింది. పొలం గట్టు తగాదా, పీర్ల పండుగలో మాటామాటా పెరగడం వంటి చిన్న విషయాలు కూడా ఈ పెద్ద తగవులో కలిసిపోయేవి.

వేటకొడవలి, ఈటె స్థానంలో ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో నాటుబాంబు ప్రధాన ఆయుధమయింది. దీనితో గురి చూడవలసిన పని లేకపోయింది. ప్రక్కన నిలబడినవారు కూడా చనిపోసాగారు.

ప్రముఖ ఘటనలు

1998 మే 23న వై.ఎస్. రాజారెడ్డి పులివెందుల సమీపంలో బాంబు దాడిలో మరణించారు. 2008 మే 17న కర్నూలు జిల్లాలో కప్పట్రాళ్ళ వెంకటప్పనాయుడు అనుచరులతో సహా హతుడయ్యాడు. ఈ కప్పట్రాళ్ళ గ్రామాన్ని తరువాతి కాలంలో జిల్లా పోలీసు సూపరింటెండెంటు ఆకె రవికృష్ణ దత్తత తీసుకున్నాడు. 2017 మే 21న పత్తికొండ నియోజకవర్గ నాయకుడు చెరుకులపాడు నారాయణరెడ్డి హత్య జరిగింది. పత్రికలకెక్కేవి నాయకుల పేర్లే. చనిపోయినవారిలో అధికులు వారి వెంట తిరిగిన చిన్న రైతులు, కూలీలు.

నేరాల రేటు: లెక్కించే పద్ధతి

ఒక ఏడాదిలో నమోదైన కేసులను జనాభాతో భాగించి లక్షతో హెచ్చిస్తే నేరాల రేటు వస్తుంది. భారతదేశంలో 1986లో ఏర్పడిన జాతీయ నేర రికార్డుల సంస్థ ఈ లెక్కలను ప్రచురిస్తున్నది. అమెరికాలో 1930 నుండి ఎఫ్.బి.ఐ. కూడా లక్షకే లెక్కిస్తుంది. ఈ అంకెలతో పట్టణాలకు వరుస సంఖ్యలు ఇవ్వవద్దని ఆ సంస్థయే హెచ్చరిస్తుంది. కారణం సులభం. చిన్న ఊరిలో రేటు ఊగిసలాడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం కడప జిల్లా జనాభా 28.8 లక్షలు, కర్నూలు జిల్లా జనాభా 40.5 లక్షలు. ఇంత పెద్ద జిల్లాలో రెండు హత్యలు రేటును దాదాపు కదిలించవు. అవే రెండు హత్యలు 3,000 మంది ఉన్న ఒక్క ఊరిలో జరిగితే ఆ ఊరి రేటు లక్షకు 67 అవుతుంది. జిల్లా సగటు మామూలుగా కనిపించే ఏడాదిలో కూడా ఒక ఊరు సగం ఖాళీ అయి ఉండవచ్చును.

రికార్డుల సంస్థ ప్రధాన నేర నియమాన్ని పాటిస్తుంది. ఒకే ప్రథమ సమాచార నివేదికలో హత్య, గృహదహనం, బాంబు దాడి ఉంటే అది హత్య కేసుగానే లెక్కకు వస్తుంది. పలువురు చనిపోయినా కేసు ఒక్కటే, మృతుల సంఖ్య వేరే పట్టికలో ఉంటుంది. అంతేకాక నేరం జరిగిన చోటుకే లెక్క చెందుతుంది, కక్ష పుట్టిన చోటుకు కాదు. 1997 నవంబరు 19న పరిటాల రవి లక్ష్యంగా జరిగిన కారుబాంబు ప్రేలుడులో 26 మంది మరణించారు. కక్ష అనంతపురం జిల్లాది, ప్రేలుడు హైదరాబాదులోనిది.

దాడి జరిగిన ప్రతిసారి ఇరుపక్షాలూ కేసులు పెట్టుకోవడం వలన అంకె పెరుగుతుంది. బెదిరి ఫిర్యాదు చేయనివారి వలన తగ్గుతుంది. సాక్షులు కోర్టులో ఎదురు తిరగడం, పెద్దమనుషుల వద్ద రాజీ కుదరడం వలన శిక్షలు అరుదు. శిక్ష పడకపోవడమే తరువాతి ప్రతీకారానికి కారణమవుతుందని చెప్పవచ్చును. అందుచేత పోలీసులు ఎక్కువగా ముందు జాగ్రత్త చర్యలపై ఆధారపడ్డారు: గ్రామాలలో పికెట్లు, రౌడీషీట్లు, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 107, 110 సెక్షన్ల క్రింద బైండోవర్. 2024 జూలై 1 నుండి ఈ సెక్షన్లు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 126, 129గా మారినవి. 1908 నాటి ప్రేలుడు పదార్థాల చట్టం క్రింద విచారణకు జిల్లా మేజిస్ట్రేటు అనుమతి అవసరం.

తగ్గుదల

2000 దశాబ్దం తరువాత ముఠాహత్యలు బాగా తగ్గినవి. పోలీసు చర్యలతో పాటు చదువులు, బెంగుళూరు, హైదరాబాదులకు వలసలు ఇందుకు కారణాలు. నాయకుల సంపాదన కూడా ఊరి గుత్తల నుండి నగరాల స్థిరాస్తి వ్యాపారానికి మారింది, ఊరిని కాపలా కాయవలసిన అవసరం తగ్గింది. పాత, కొత్త లెక్కలను పోల్చేవారు 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనను గమనించాలి. అప్పుడు కర్నూలు నుండి నంద్యాల జిల్లా విడిపోయింది, కడప జిల్లాలో కొంత భాగం అన్నమయ్య జిల్లాకు చేరింది.

సినిమాలలో

సమరసింహారెడ్డి (1999), నరసింహనాయుడు (2001), ఇంద్ర (2002) వంటి చిత్రాలు ముఠాకక్షలను రాష్ట్రమంతటా ప్రచారం చేశాయి. కక్షలు తగ్గుతున్న కాలంలోనే సుమోలు గాలిలోకి లేచే దృశ్యాలు పెరిగినవి. సీమవాసులందరూ కొడవలి పట్టినవారేనన్న అపోహకు ఇవి కారణమయ్యాయని స్థానికుల అభ్యంతరం. కర్నూలు, కడప యువకులు వేరే ఊళ్ళలో అద్దె ఇల్లు అడిగినపుడు ఎదుర్కొనే మొదటి ప్రశ్న నేటికీ దీని గురించే.