చిన్న ప్యాకెట్‌లో డార్విన్

పత్తి చేనులో, ఏజెన్సీ గ్రామాల నెత్తుటిలో కళ్లముందే సాగుతున్న జీవపరిణామం పదో తరగతి పుస్తకంలోంచి మాత్రం తప్పుకుంది. ఆ పాఠం పోతే నష్టపోయేది ఎవరు?

బీటీ పత్తి వచ్చిన కొత్తలో విత్తనం కొన్న రైతుకు రెండు ప్యాకెట్లు దక్కేవి. ఒకటి 450 గ్రాముల బీటీ విత్తనం. దానికి తోడుగా 120 గ్రాముల చిన్న ప్యాకెట్, అందులో బీటీ కాని మామూలు పత్తి గింజలు. చేను చుట్టూ ఐదు సాళ్లు, లేదా మొత్తం విస్తీర్ణంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అంత మేర ఆ మామూలు పత్తి వేయాలని నిబంధన. చాలామంది ఆ చిన్న ప్యాకెట్‌ను గట్టు మీద పారేశారు. పురుగు తినిపోయే పత్తిని చాకిరీ చేసి మరీ పెంచడం దేనికని రైతు అడిగితే తప్పు పట్టలేం. ఎందుకు వేయాలో అర్థమయ్యేలా చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సింది ఏ పెద్ద శాస్త్రమో కాదు, పదో తరగతి పాఠమే.

బీటీ మొక్క తయారుచేసే విషానికి గులాబీరంగు పురుగుల్లో దాదాపు అన్నీ చస్తాయి. ఎక్కడో ఒకటీ అరా పుట్టుకతోనే దాన్ని తట్టుకునేవి ఉంటాయి. విషం వాటిని తయారుచేయలేదు, అవి ముందు నుంచే ఉన్నాయి. మిగతావి పోయాక బతికినవి వాటిలో అవే జతకడితే పుట్టేవన్నీ తట్టుకునేవే. అదే పక్కన మామూలు పత్తి ఉందనుకోండి, విషం ఎరగని రెక్కల పురుగులు అందులోంచి వేల సంఖ్యలో ఎగిరొస్తాయి. తట్టుకునే ఆ ఒక్కదానికి జత ఆ గుంపులోంచే దొరుకుతుంది. తట్టుకునే గుణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే గట్టిగా పనిచేస్తుంది కాబట్టి ఈ జతకు పుట్టిన పిల్ల పురుగులు బీటీ కాయ తిని చస్తాయి. అనువంశికత చెప్పిన మెండెల్, పరిణామం చెప్పిన డార్విన్ ఇద్దరూ ఆ 120 గ్రాముల్లో ఉన్నారు.

మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002లో. రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. 2010 నాటికి మొదటి రకాన్ని తట్టుకునే గులాబీరంగు పురుగు గుజరాత్‌లో బయటపడింది. మరో ఐదేళ్లలో రెండో రకమూ దాని ముందు నిలవలేదు. ఆ తర్వాత ఆ పురుగు మహారాష్ట్రలోనూ మన రెండు రాష్ట్రాల్లోనూ ఏం చేసిందో పత్తి రైతుకు వేరే చెప్పక్కర్లేదు. తప్పంతా పారేసిన ప్యాకెట్‌దే అనలేం. మనం వేసేవి ఎక్కువకాలం నిలిచే హైబ్రిడ్‌లు, ఫిబ్రవరి దాకా చేను మీదే ఉంచుతాం, పత్తి తప్ప పెద్దగా వేరే తిండి లేని ఆ పురుగుకు అదో వరం. కానీ అమెరికాలోని అరిజోనా రైతులు మామూలు పత్తి సాళ్లు వేశారు. పిల్లలు పుట్టించలేని రెక్కల పురుగుల్ని కూడా తెచ్చి చేలలో వదిలారు. తమ పత్తి ప్రాంతాల్లో గులాబీరంగు పురుగు లేకుండా పోయిందని అమెరికా 2018లో ప్రకటించింది.

మన ఊళ్లలో మాత్రం పురుగు మందుకు అలవాటు పడిందని నమ్ముతారు. అలా నమ్మితే మోతాదు పెంచడం, మందు మార్చడం తప్ప దారి తోచదు. ఏ ఒక్క పురుగూ అలవాటు పడలేదు, అలవాటు పడనక్కర్లేనివి మిగిలాయంతే. ఈ రెండు ఆలోచనలకూ మధ్య దూరం సీజనుకు వేల రూపాయలు.

మంత్రిగారు చూడనిది

2018 జనవరిలో కేంద్ర మానవ వనరుల శాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్ డార్విన్ సిద్ధాంతం శాస్త్రీయంగా తప్పని ప్రకటించారు. కోతి మనిషిగా మారడాన్ని చూశామని మన పూర్వీకులెవరూ రాయలేదు, చెప్పలేదు కాబట్టి పాఠ్యాంశాలు మార్చాలన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఖండన ప్రకటన ఇచ్చాయి. మరుసటి ఏడాది వంతు మనది. జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి కౌరవులు టెస్ట్‌ట్యూబ్ శిశువులనీ, డార్విన్ చెప్పినదాని కంటే దశావతారాలు మెరుగైన సిద్ధాంతమనీ సెలవిచ్చారు.

కోతి ప్రశ్న మంత్రులది మాత్రమే కాదు, బస్సులోనూ పెళ్లి పందిట్లోనూ వినిపించేదే. కోతి నుంచి మనిషి వస్తే ఇప్పటి కోతులు ఎందుకు మనుషులు కావట్లేదు? ఎందుకంటే చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. ఇద్దరికీ ఉమ్మడి తాత సుమారు 60, 70 లక్షల ఏళ్ల కింద ఉండేవాడు. అతను ఇప్పటి కోతీ కాదు, ఇప్పటి మనిషీ కాదు. దాయాది మన ఇంట్లో ఎందుకు పుట్టలేదని ఎవరూ అడగరు కదా.

దశావతారాల సంగతి కాస్త ఆసక్తికరం. చేప, తాబేలు, వరాహం, నరసింహం, వామనుడు అంటూ వరస చూపించి పరిణామం చెప్పే మాస్టార్లు చాలామంది ఉన్నారు, పిల్లలకు అది సరదాగానే ఉంటుంది. ఈ పోలికను 1877లో థియోసాఫికల్ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ రాశారు, 1882లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ చెప్పారు. డార్విన్ గ్రంథం వచ్చింది 1859లో. అంటే డార్విన్‌ను చదివాకే ఆ వరసలో మనకు పరిణామం కనిపించింది. పైగా అవతారాలకు ఒక ఉద్దేశం ఉంది, ఒకదాని తర్వాత ఒకటి రావడానికి కారణం ఉంది. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణానికి ఏ గమ్యమూ లేదు. గులాబీరంగు పురుగు ఉన్నతమైన జీవి కావాలని ప్రయత్నించలేదు, బీటీ చేనులో చావకుండా మిగిలింది.

విచిత్రం ఏమిటంటే, పరిణామాన్ని పురోగతి అనుకోవద్దని ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోనే ఒక భాగం ఉండేది. ఇప్పుడు లేదు.

మెడ సాగిన జిరాఫీ

కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించాలని ఎన్‌సీఈఆర్‌టీ 2022లో పాఠాలు కుదించింది. ‘అనువంశికత, పరిణామం’ అన్న అధ్యాయం ‘అనువంశికత’గా మిగిలింది. డార్విన్, శిలాజాలు, మానవ పరిణామం వెళ్లిపోయాయి. తాత్కాలికమని అందరూ అనుకున్నారు, కానీ ఆ తర్వాత అచ్చయిన పుస్తకాల్లోనూ అవి తిరిగి రాలేదు. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు వాటిని తిరిగి చేర్చమని బహిరంగ లేఖ రాశారు. 12వ తరగతిలో పరిణామం ఉందిగా అన్నది అధికారుల సమాధానం.

12వ తరగతిలో ఉన్న మాట నిజమే. కానీ దాన్ని చదివేది జీవశాస్త్రం తీసుకున్నవాళ్లే. మన దగ్గర పది దాటగానే ఒకడు ఎంపీసీ, ఒకడు సీఈసీ, ఒకడు పాలిటెక్నిక్, ఇంకొకడు నాన్న వెంట పత్తి చేనుకు. డాక్టర్ కావాలనుకునే పిల్లకే పరిణామం చెప్తామని, రైతు కాబోయేవాడికీ సాఫ్ట్‌వేర్‌లోకి పోయేవాడికీ రేపు మంత్రి అయ్యేవాడికీ అక్కర్లేదని తేల్చేశారన్నమాట.

ఈ కత్తెర ఢిల్లీ బడులతో ఆగలేదు. 2024–25 నుంచి ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి కూడా ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలే వచ్చాయి. దాంతో 2014లో మన ఉపాధ్యాయులు తయారుచేసిన జీవశాస్త్రం పుస్తకం పక్కకు పోయింది. అందులో లామార్క్, డార్విన్, అవశేష అవయవాలు, శిలాజాలు అన్నీ ఉండేవి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికి, హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో 44 అడుగుల పొడవున నిలబడ్డ డైనోసార్ అస్థిపంజరం ప్రస్తావన కూడా ఉండేది. తెలంగాణలో ఆ పుస్తకం కొనసాగింది కాబట్టి అక్కడ పాఠం మిగిలింది.

పాఠం మిగిలితే చదువు మిగిలినట్టేనా? లామార్క్‌కూ డార్విన్‌కూ భేదాలు రాయుము, నాలుగు మార్కులు. గైడులో రెండు నిలువు వరసలు, స్లిప్ టెస్టు, మళ్లీ స్లిప్ టెస్టు. ఏడాది తిరిగాక ఆ పిల్లవాణ్ణి అడగండి, జిరాఫీ ఆకుల కోసం మెడ చాచిచాచి పొడుగు చేసుకుందనే చెప్తాడు. భేదాల పట్టికలో తప్పని చదివిన లామార్కే బుర్రలో మిగులుతాడు, అతనికి బొమ్మ ఉంది కాబట్టి. ఇక ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులు నడిపే కార్పొరేట్ బడుల్లో బయాలజీ పీరియడ్ ఎటు పోతుందో తల్లిదండ్రులకు నాకంటే బాగా తెలుసు.

కాకినాడకు చేరిన శాస్త్రవేత్త

పరిణామం నేర్పడానికి ల్యాబులు లేవు, డబ్బు లేదు అన్న సాకు చెల్లదని చూపించినాయన దేహం మన కాకినాడకే చేరింది. పరిణామ సిద్ధాంతానికి గణితపు పునాది వేసిన ముగ్గురిలో ఒకడు జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు, తర్వాత భారత పౌరసత్వం తీసుకున్నాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో మరణించాడు. కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చేశారు.

కలకత్తాలో ఆయన శిష్యుల్లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఒకరు. ఆ కుర్రవాడు చేసిన పని, వేర్వేరు రంగుల లాంటానా పూల మీద ఏ సీతాకోకచిలుక ఎక్కువగా వాలుతుందో కూర్చుని లెక్కపెట్టడం. ఒక్కో జాతి ఒక్కో రంగుకే మొగ్గితే, పుప్పొడి ఆ రంగు పూల మధ్యే తిరుగుతూ కొంతకాలానికి రెండు వేరు జాతులు కావచ్చన్నది ప్రశ్న. ఆ లెక్క 1960లో ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. ఖర్చు ఒక నోటుపుస్తకం, పెన్సిలు. లాంటానా మన ప్రతి ఊరి కంచె మీదా ఉంది. కొడవటిగంటి రోహిణీప్రసాద్ లాంటివాళ్లు పరిణామాన్ని చక్కని తెలుగులో రాసిపెట్టారు కూడా. బడి లైబ్రరీ బీరువాకు తాళం తీస్తే చాలు.

హాల్డేన్ 1949లో ఒక ఊహ చేశాడు. తలసీమియా లాంటి రక్తవ్యాధి జన్యువులు మలేరియా ఉన్న చోట ఎక్కువగా కనిపించడానికి కారణం, ఆ జన్యువు ఒకటే ఉన్నవాళ్లను అది మలేరియా నుంచి కాపాడటమేనని. సికిల్ సెల్ అనే మరో రక్తవ్యాధి విషయంలో అది నిజమని 1954లో తూర్పు ఆఫ్రికాలో ఆంటొనీ ఆలిసన్ చూపించాడు. జన్యువు ఒకవైపు నుంచే వస్తే రక్షణ, రెండువైపులా వస్తే జీవితాంతం నొప్పి. పాడేరు, భద్రాచలం, ఉట్నూరు ఏజెన్సీలో సికిల్ సెల్ ఉండటానికి శాపమూ కారణం కాదు, ఎవరి పాపమూ కాదు. తరతరాలుగా ఆ అడవుల్లో మనుషుల్ని జల్లెడ పట్టిన మలేరియా కారణం. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ కింద ఏడు కోట్ల మందికి పరీక్షలు చేసి కార్డులు ఇవ్వాలన్నది లక్ష్యం. ఆ కార్డు పట్టుకుని పెళ్లి గురించి ఆలోచించాల్సిన గిరిజన యువతికి దాని వెనక కథ చెప్పే పాఠం పదిలో లేకపోతే, అది ఆమెకు భయపెట్టే కాగితమే.

ఎన్‌సీఈఆర్‌టీ కోత పెట్టిన పాఠాల కోసం కేరళ 2023లో హయ్యర్ సెకండరీ విద్యార్థులకు సొంతంగా అదనపు పుస్తకాలు అచ్చువేసింది. ఆంధ్రప్రదేశ్‌కు అంత శ్రమ కూడా అక్కర్లేదు. 2014 పుస్తకంలోని పేజీలు తెలుగులో సిద్ధంగా ఉన్నాయి. పత్తి పురుగునీ సికిల్ సెల్‌నీ చేర్చి చిన్న అనుబంధంగా ఇస్తే చాలు. పిల్లలు పదిలో ఉన్న తల్లిదండ్రులు బడి కమిటీ సమావేశంలో ఈ మాట అడగండి. పరీక్షలో రాని పాఠం మన దగ్గర ఎవరూ చెప్పరు కాబట్టి, నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి కూడా పెట్టించమనండి. భేదాలు రాయుము అని మాత్రం కాకుండా.