కన్ను చూచును, కాని పట్టదు

నేసిన చీరను మగ్గమునుండి కోసిన పిమ్మట ఇంటిలో ఒకసారి తిరుగవేసి చూచెదము. లోపమేమియు కానరాదు. అదే చీరను కొనువారు విప్పగనే తెగిన పోగుపై వేలు పెట్టెదరు. వెల తగ్గును, కూలిలో కోత పడును. దీనిని అశ్రద్ధయని నిందించుకొనుటకు ముందు కన్ను పనిచేయు తీరును మనము తెలిసికొనవలెను.

కన్ను అంతటిని ఒకే తీరున చూడదు. చేయి చాచి బొటనవ్రేలు నిలిపినచో, ఆ వ్రేలి వెడల్పు మేర మాత్రమే నిశితముగ కనబడును, తక్కినది మసకయే. అందుచే చూపు సెకనుకు మూడు నాలుగు మారులు చోటు మార్చుకొనుచుండును.

తెల్లని గుడ్డలో ఎఱ్ఱపోగు పడినచో వెదకకయే కనబడును. కాని ఎరుపు, పచ్చ గళ్లలో ఒక్క గడికి రంగుల క్రమము తప్పినచో, గడి గడికి దృష్టి నిలిపి వెదకవలసినదే. ఈ భేదమును 1980లో ఆన్ ట్రీస్మన్, గ్యారీ జెలాడ్ అను మనశ్శాస్త్రజ్ఞులు వివరించిరి.

బళ్ళారి చెంతనున్న సంగనకల్లు కొండలలో దీనికి మంచి నిదర్శనము కలదు. కప్పగల్లు వైపు నల్లరాళ్లపై పూర్వులు పొడిచిన ఎద్దుల బొమ్మలున్నవి. కొన్ని కొత్తరాతియుగము నాటివి. 1892లోనే ఫాసెట్ వీనిని గూర్చి వ్రాసెను. క్రొత్త గీత లేతరంగుతో ఇట్టే కనబడును. వేలయేండ్ల నాటి గీత రాతిరంగులో కలిసిపోవును. ఏటవాలు వెలుతురులో, ఎద్దు రూపమును మనసున నిలుపుకొని వెదకినవారికే అది సులువుగ చిక్కును.

మరియొక చిక్కు కలదు. 2005లో అమెరికాలో జెరెమీ వోల్ఫ్, ఆయన సహచరులు కలగలుపు వస్తువుల చిత్రములలో పనిముట్టును వెదకించిరి. సగము చిత్రములలో అది ఉన్నపుడు నూటికి 7 తప్పిపోయినవి. నూటికి ఒక చిత్రములోనే ఉన్నపుడు నూటికి 30 తప్పిపోయినవి! అరుదైన దానిని కన్ను తొందరగ లేదని తేల్చివేయును. మంచి నేతగాని ఇంట లోపము అరుదు. కనుకనే అది కన్నుగప్పును.

కావున అన్నిటిని ఒక్కమారే వెదకవలదు. ఒకమారు పడుగు, మరియొకమారు పేక, మూడవమారు అంచు చూడుడు. గుడ్డపై వెలుతురు ఏటవాలుగ పడునట్లు పట్టుడు. ఒక లోపము దొరికినదని ఆగక కొంగుదాక సాగుడు. నేసినవారు చూచిన పిమ్మట ఇంటిలో వేరొకరు చూచుట మరియు మేలు. కోత పడకమునుపే లోపము మన కంటబడినచో, సరిచేయు వీలు మన చేతిలోనే యుండును.