రస్ట్ భాష విడిచిన యంగములు

గ్రేడన్ హోర్ 2006లో స్వంత వ్యాసంగముగా నారంభింపగా, పిమ్మట మొజిల్లా సంస్థ యాదరించిన రస్ట్ ప్రోగ్రామింగు భాష, 2012 జనవరిలో 0.1 కూర్పుగా వెలువడి, 2015 మే 15న 1.0గా స్థిరపడులోపల, వాడుక తీరిన మెమరీని ప్రోగ్రాము నడచుచుండగనే యేరివేయు గార్బేజ్ కలెక్షను కుద్దేశించిన పాయింటర్లను, తేలికపాటి థ్రెడ్లను నడపు రన్‌టైమును, ఒకటి వెంట నొకటి పరిత్యజించెను.

గుంటూరు శీతల గిడ్డంగిలో రసీదు గలవాడే మిర్చి టిక్కీలను విడిపించుకొనగలిగినట్లు, ప్రతి విలువకును యజమాని యొక్కడే యనియు, తక్కినవారు దానిని ఎరువుగా మాత్రమే గైకొనవలెననియు కంపైలరు ముందుగనే పరీక్షించుచుండుటచే, ఆ కలెక్షను అనావశ్యకమయ్యెను. పాత ప్రోగ్రాములు కూర్పు మారినప్పుడెల్ల చెడి, వాడుకరులను మిక్కిలి శ్రమపెట్టిన మాట నిజమే, అయినను 1.0కు ముందే యా శ్రమను భరించుట వివేకమని నేను దృఢముగా నమ్ముదును. ఇట్లు రస్ట్ స్థిరపడిన పిమ్మట, మన ఒంగోలు, బాపట్ల విద్యార్థులు తొలుత నేర్చు సీ భాషలోనే ప్రధానముగా రచితమైన లినక్స్ కెర్నెలు, 2022 డిసెంబరు నాటి 6.1 కూర్పున రస్టునకును చోటిచ్చినది.