అడిగి తెలుసుకునే శాస్త్రం

పరిశోధన అనగానే మీకు గాజు గొట్టాలు, త్రాసులు, సూక్ష్మదర్శిని గుర్తుకు వస్తాయి. కాని వీటితో తేలని ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఒక ఊళ్ళో ఎంతమంది ఉన్నారో జనాభా లెక్కలు చెబుతాయి. ఎన్ని ఎకరాలు సాగవుతున్నాయో పహాణీ చెబుతుంది. అయితే ఆ ఊరివారు ఒక పనిని అలాగే ఎందుకు చేస్తున్నారు? దేనిని అన్యాయమని భావిస్తున్నారు? వీటికి జవాబు వారి దగ్గరే ఉంటుంది. ఆ జవాబును ఒక పద్ధతి ప్రకారం తెలుసుకోవడాన్ని ‘గుణాత్మక పరిశోధన’ అంటారు. దీని విలువ ఎంతటిదో ఒక ఉదాహరణతో చూద్దాం.

బీడు అంటే ఏమిటి?

భూమి కోసం, అడవిపై హక్కుల కోసం పోరాడిన కొమురం భీం 1940లో ఆదిలాబాదు అడవుల్లోని జోడేఘాట్ వద్ద నిజాం బలగాల కాల్పుల్లో మరణించాడు. గోండులలో ఇంత అసంతృప్తి ఎందుకు కలిగిందో తెలుసుకోవలసిన అవసరం అప్పుడు నిజాం ప్రభుత్వానికి వచ్చింది. ఆ పనిని హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడికి అప్పగించింది. ఆయన 1909లో వియన్నాలో జన్మించాడు. రెండవ ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు భారతదేశంలో ఉన్నాడు. జర్మన్ పాస్‌పోర్టు కలిగి ఉండడం వల్ల హైదరాబాదు సంస్థానం దాటి వెళ్ళకుండా ఆంక్షలు పెట్టారు. ఆ కాలాన్ని ఆయన చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, గోండుల మధ్య గడిపాడు.

హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ మార్లవాయి అనే గోండు గ్రామంలో నివాసమున్నారు. పొలాల్లో, పండుగల్లో, పంచాయితీల్లో ప్రజలతో కలిసి కూర్చున్నారు. అప్పుడు ఒక విషయం బయటపడింది. తేలిక నేలలను కొన్నేళ్ళు దున్ని, కొన్నేళ్ళు విశ్రాంతిగా వదిలి, తిరిగి దున్నడం గోండుల పద్ధతి. వదిలిన ఏళ్ళలో ఆ నేలలో పొదలు మొలుస్తాయి. అడవి హద్దులు గీసినవారికి అది ఎవరిదీ కాని బీడుగా కనిపించింది. అలాంటి భూములు రిజర్వు అడవిలో కలిసిపోయాయి. మరికొన్ని, పట్టా కాగితాల సంగతి తెలిసిన బయటివారి పేరున ఎక్కాయి. ఎకరాల కొలత సరిగానే ఉండవచ్చు. కాని ‘బీడు’ అన్న మాటకు అధికారి చెప్పుకున్న అర్థం ఒకటి, దున్నేవాని అర్థం మరొకటి. ఆ తేడా వల్ల ఎన్నో కుటుంబాలు నేల పోగొట్టుకున్నాయి.

ఆయన నివేదికల దరిమిలా వేలాదిమంది గిరిజనులకు పట్టాలు దక్కాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం ఏర్పడింది. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి.

ముందు పథకం, తరువాత ప్రయాణం

ఇలాంటి పరిశోధనను చిన్న ఎత్తున మీరూ చేయవచ్చు. సిద్దిపేట జిల్లా దౌల్తాబాద్ మండలంలోని ఒక ఊరి విద్యార్థులు తమ చెరువును గురించి తెలుసుకోదలచారని అనుకుందాం. వారు ఎలా సాగాలి?

మొదట ప్రశ్నను ఇరుకు చేసుకోవాలి. ‘చెరువు గురించి అంతా’ అంటే ఏదీ తేలదు. ‘బోర్లు వచ్చిన తరువాత చెరువు నీటి పంపకం ఎలా మారింది, ఎందుకు మారింది?’ అన్నది పట్టుకోదగిన ప్రశ్న.

రెండవది, ఎవరిని అడగాలి? తూము పక్కన మడి ఉన్న రైతు ఒక మాట చెబుతాడు. ఆయకట్టు చివరి రైతు మరో మాట చెబుతాడు. పూర్వం నీరు వదిలిన నీరడి కుటుంబంవారు, చేపలు పట్టేవారు, పశువులు కాసేవారు, నాట్లు వేసే స్త్రీలు, వీరందరినీ కలవాలి. పలుకుబడి ఉన్న నలుగురితో మాట్లాడి వస్తే అది ఊరి మాట కాదు.

మూడవది, ఎలా అడగాలి? ‘బోర్ల వల్లనే చెరువు పాడైంది కదా?’ అని అడిగితే మన జవాబును వారి నోట పెట్టినట్టే. ‘తాతా, మీ చిన్నప్పుడు మీ మడికి నీళ్ళు ఎట్ల వచ్చేటివి?’ అని అడిగి ఊరుకోండి. మధ్యలో అడ్డుపడవద్దు. ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పి, వారు ఒప్పుకుంటేనే రాసుకోండి. చెప్పినవారి పేరు బయటపెట్టవద్దు. నీటి తగాదాల సంగతి పేరుతో సహా బయటికి వస్తే ఆ మనిషికి ఊళ్ళో ఇబ్బంది కలుగుతుంది.

నాలుగవది, విన్నది ఆ రాత్రే రాయాలి. పుస్తకంలో ఒక వైపు చూసినదీ విన్నదీ, రెండవ వైపు మీకు తోచినదీ రాయండి. ఈ రెండూ కలిసిపోతే తరువాత విడదీయలేరు.

చివరగా సరిచూసుకోవాలి. ఒకరి మాటను ఇంకొకరి మాటతో, మాటలను కళ్ళతో చూసిన దానితో, ఆ రెండింటినీ రికార్డుతో పోల్చాలి. తేడా వస్తే కొట్టివేయకండి. ఎందుకు వచ్చిందో మళ్ళీ వెళ్ళి అడగండి. కొత్తగా ఎవరిని కలిసినా పాత సంగతులే వినిపిస్తుంటే ఇక ఆపవచ్చు.

ఒక్కరు చాలరు

సిద్దిపేట నుంచి హైదరాబాదు వెళ్ళే దారిలో శామీర్‌పేట ఉంది. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.సి. దూబే ఒక బృందంతో ఆ ఊరిని అధ్యయనం చేశాడు. సమాజశాస్త్రం చదివినవారితోపాటు వైద్యం, పశువైద్యం, వ్యవసాయం తెలిసినవారు కూడా అందులో పాల్గొన్నారు. ఒకరికి కనిపించనిది ఇంకొకరికి కనిపిస్తుంది. ఆ పరిశీలన ఆధారంగా 1955లో వెలువడిన ‘ఇండియన్ విలేజ్’ అనే ఇంగ్లీషు గ్రంథం భారతీయ గ్రామాలపై వచ్చిన తొలి సమగ్ర అధ్యయనాలలో ఒకటిగా పేరు పొందింది.

అయితే ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. ఒక ఊళ్ళో తేలినది అన్ని ఊళ్ళకూ వర్తిస్తుందని చెప్పరాదు. ఇరవైమందిని అడిగి ‘ఊళ్ళో ఇంత శాతం’ అనరాదు. ఎంతమంది అన్నది తేల్చాలంటే లెక్కలే కావాలి. లెక్క ‘ఎంత’ అన్నది చెబుతుంది. ముచ్చట ‘ఎందుకు’ అన్నది చెబుతుంది. శాస్త్రానికి రెండూ అవసరమే.

ఇంకొక మాట. ఒకసారి తెలుసుకున్నది ఎల్లకాలం నిలవదు. 1970లలో హైమన్‌డార్ఫ్ మళ్ళీ ఆదిలాబాదు వెళ్ళి చూశాడు. గోండుల భూములు చాలాచోట్ల తిరిగి ఇతరుల చేతుల్లోకి పోతున్నాయి. ఆ సంగతినీ ఆయన గ్రంథస్థం చేశాడు. 1987లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. మీరు కూడా చెరువు కథ రాశాక పుస్తకాన్ని బడిలో భద్రపరచండి. కొన్నేళ్ళ తరువాత మీ తమ్ముళ్ళో చెల్లెళ్ళో అవే ప్రశ్నలు మళ్ళీ అడిగి, ఏమి మారిందో పోల్చి చూడగలుగుతారు.